పతకం అంచు మీది పేరు ఏ ఊరిది?
(గుంటూరులో జరిగిన సేకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నాణేలూ తపాలా బిళ్లలూ పాత కాగితాలూ సేకరించే మిత్రులు గుంటూరు నుంచే కాక విజయవాడ, తెనాలి, నరసరావుపేట, చీరాల నుంచి కూడా వచ్చారు. మీలో చాలామంది దగ్గర యుద్ధ పతకాలు ఉన్నాయి, కొందరి దగ్గర పాత సైనిక దుస్తులు కూడా ఉన్నాయి. వాటి వెల గురించి నేను మాట్లాడను. వాటిని ఛాతీ మీద పెట్టుకున్న మనుషుల గురించి, పెట్టుకునే రోజు రాకుండానే పోయిన మనుషుల గురించి మాట్లాడతాను. నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. ఒక తెలుగు సైనికుడి పతకం మన చేతికి వచ్చినప్పుడు అతనెవరో కనుక్కునే పని సగం లండన్, ఢిల్లీ, బెంగళూరు కాగితాల్లో సాగుతుంది. మిగిలిన సగం ఇక్కడే, మన ఊళ్ల పేర్లూ ఇంటిపేర్లూ ఎరిగినవాళ్ల చేతుల మీదుగానే సాగాలి. ఆ రెండో సగం మనం చెయ్యకపోతే చేసేవాళ్లు ఇంకెవరూ లేరు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. వారిలో సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది, చనిపోయినవారు 87 వేలకు చేరారు. ఈ లెక్కల్లో తెలుగువాడి వాటా గురించి మన పాఠ్యపుస్తకాలు దాదాపు ఏమీ చెప్పవు. దానికొక కారణం ఉంది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, తర్వాత యావద్భారత సైన్యాధిపతి అయిన రాబర్ట్స్, దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని గట్టిగా నమ్మాడు. యోధ జాతులంటూ కొన్నిటిని వేరు చేసే ఆ సిద్ధాంతం పుణ్యమా అని తెలుగు పటాలాలు పందొమ్మిదో శతాబ్దం చివరికే పలచబడిపోయాయి. అందువల్ల 1914లో యుద్ధం వచ్చినప్పుడు మనవాళ్లు తుపాకీ పట్టిన పటాలాల్లో కంటే శాపర్లనే సైనిక ఇంజనీర్లలో, దారులు వేసే పయనీర్లలో, లేబర్ కోర్‌లో, రవాణా దళాల్లో, ఆసుపత్రుల్లో, వంటశాలల్లో ఎక్కువగా కనిపిస్తారు. వంతెన కట్టినవాడు, రోడ్డు వేసినవాడు, కంచర గాడిదలను తోలినవాడు, స్ట్రెచర్ మోసినవాడు మనవాడు. పతకాల సంతలో ఇలాంటివాళ్ల పతకానికి ధర తక్కువ పలుకుతుంది. పేరున్న రెజిమెంటు పతకాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, లేబర్ కోర్ పతకాన్ని డబ్బాలో వేసే అలవాటు మన సేకర్తల్లోనూ ఉంది. ఈ అలవాటు నాకు అన్యాయంగా తోస్తుంది. మన నేల మీది సైనికుల్లో ఎక్కువమందిని ఆ డబ్బాలోనే వెతకాలి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది బ్రిటిష్ వార్ మెడల్. 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ల. బొమ్మ వైపు ఐదో జార్జి ముఖం ఉంది. బొరుసు వైపు గుర్రం మీద ఒక దిగంబర యోధుడు ఉన్నాడు. గుర్రం కాళ్ల కింద ప్రష్యా గద్ద ఉన్న డాలు, ఒక పుర్రె, ఎముకలు కనిపిస్తాయి. పక్కన 1914, 1918 అని రెండు సంవత్సరాలు ఉన్నాయి. చాలామంది ఈ రెండు ముఖాలూ చూసి పక్కన పెట్టేస్తారు. అసలు చదవవలసింది అంచు. దీన్ని ఇలా నిలువుగా పట్టుకుని, పక్క నుంచి ఏటవాలుగా టార్చి వెలుగు పడేట్టు పెట్టి, భూతద్దంతో నెమ్మదిగా తిప్పుతూ పోతే నంబరు, హోదా, పేరు, పటాలం ఈ వరుసలో కనిపిస్తాయి. దీనితో జతగా ఇచ్చిన విక్టరీ మెడల్‌కు కూడా అంచు మీదే పేరు ఉంటుంది. 1914, 1914-15 స్టార్లనే నక్షత్రాకారపు పతకాలకు మాత్రం వెనకవైపు చదునుగా ఉన్న చోట ఉంటుంది. ఇదే వార్ మెడల్‌ను భారత, చైనా, మాల్టా లేబర్ దళాలవారికి వెండితో కాక కంచుతో చేసి ఇచ్చారు. మొత్తం సుమారు 65 లక్షల పతకాలు ఇస్తే అందులో కంచువి లక్షా పదివేలు. ఒకే యుద్ధం, ఒకే బొమ్మ, లోహం మాత్రం వేరు. కంచు పతకం ఎక్కడైనా కనిపిస్తే నకలు అనుకుని వదిలెయ్యకండి. దాని అంచు ముందు చదవండి.

వెండి పతకానికి మరో ప్రమాదం ఉంది. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎక్కినప్పుడు ప్రపంచమంతటా ఇవి లెక్కలేనన్ని కొలిమిలోకి పోయాయి. మన వెండి కొట్లలో ఇప్పటికీ బరువు చూసి కొని కరిగించేస్తున్నారు. మీకు పరిచయం ఉన్న షరాబులకు ఒక్క మాట చెప్పి పెట్టండి. కరిగించే ముందు అంచును ఫోటో తీసి మీకు పంపమనండి. వెండి పోయినా పేరు మిగులుతుంది.

ఇళ్లలో జరిగే నష్టం ఇంకో రకం. చింతపండూ ముగ్గుపిండీ పెట్టి, ఇత్తడి గిన్నెలు తోమే పొడి పెట్టి ఏటా మెరిసేట్టు తోముతారు. ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ అంచు మీద అక్షరాల లోతు చాలా తక్కువ, కొన్నేళ్లు తోమితే మొదట నంబరు, తర్వాత పేరు అరిగిపోతాయి. పతకాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బన్ మాసిపోయినా చిరిగినా కొత్తది కుట్టించకండి, పాతదాన్ని దానితోనే ఉంచండి.

రెండో యుద్ధపు పతకాల సంగతి వేరు. 1939-45 స్టార్, ఆఫ్రికా స్టార్, బర్మా స్టార్, ఇటలీ స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ సాధారణంగా పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులకు అందినవాటిలో పేరు అచ్చు వేసినవి ఉన్నాయి, ఖాళీవీ ఉన్నాయి. పేరు లేని పతకం ఒక్కటే దొరికితే దాని నుంచి మనిషిని చేరుకోలేం. అందుకే ఇంట్లో నుంచి వచ్చిన పతకాల గుత్తిని విడదీసి ఒక్కొక్కటిగా అమ్మడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పేరున్న ఒక్క పతకం పక్కన పేరు లేని మూడు కలిసి ఉంటే, ఆ నాలుగూ చేరి అతను ఏ ఏడు ఎక్కడున్నాడో చెబుతాయి. విడదీస్తే ఆ మూడూ మూగవైపోతాయి. అలాగే వాటితో వచ్చిన డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం, ఫోటో, చివరికి అవన్నీ దాచిన ట్రంకుపెట్టె మీద రాసిన పేరు కూడా పతకంతో పాటే ఉండాలి.

దుస్తుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఖాకీ చొక్కా అయినా, బర్మా యుద్ధంలో ఎక్కువగా వాడిన ఆకుపచ్చ రంగుది అయినా, కాలరు లోపల, జేబు లోపల, అస్తరు మీద చెరగని సిరాతో వేసిన నంబరు కోసం చూడండి. భుజం మీది గుడ్డ బిళ్ల ఏ డివిజనో చెబుతుంది. నల్లపిల్లి ఉంటే 17వది, బాకు ఉంటే 19వది, నల్ల ఇస్పేటు ఆసు ఉంటే 25వది, ఎర్రగద్ద ఉంటే 4వది. అయితే గుడ్డ బిళ్లను ఎవరైనా ఎప్పుడైనా కుట్టవచ్చు. దారం రంగు, కుట్టు కింద బట్ట వెలవని చోటు చూశాకే నమ్మాలి.

ఇక నంబరు. ఆ రోజుల్లో భారత సైన్యంలో నంబర్లు పటాలం వారీగా ఇచ్చేవారు. అంటే ఒకే నంబరు వేర్వేరు పటాలాల్లో వేర్వేరు మనుషులకు ఉంటుంది. నంబరూ పటాలమూ కలిస్తేనే ఒక మనిషి. ఆ రెండూ దొరికాక మొదట వెతకవలసిన చోటు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా. యుద్ధంలో మరణించినవారైతే పేరు, నంబరు, పటాలం, మరణించిన తేదీ, స్మారక చిహ్నం అందులో ఉంటాయి. చాలామందికి తండ్రి పేరో భార్య పేరో, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉంటాయి. ఇరాక్‌లో మరణించినవారికి బస్రా స్మారకం, ఫ్రాన్స్‌లోవారికి నవ్ షాపెల్, బర్మాలోవారికి రంగూన్ స్మారకం, మలయా సింగపూర్లలోవారికి క్రాంజిలోని సింగపూర్ స్మారకం ఉన్నాయి. మొదటి యుద్ధకాలంలో మన దేశంలోనే చనిపోయి, అక్కడక్కడా కంటోన్మెంటు శ్మశానాల్లో పూడ్చబడినవారిలో వెయ్యిమందికి పైగా పేర్లు చెన్నై నందంబాక్కంలోని స్మారకం మీద ఉన్నాయి. బతికి తిరిగి వచ్చినవారైతే దారి వేరు. శాపర్ల రికార్డులు బెంగళూరులో ఉన్నాయి, మద్రాసు రెజిమెంటు రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. అక్కడికి కుటుంబ సభ్యులు రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ, సేకర్తగా మీరు రాస్తే తక్కువ. పటాలం ఏ రోజు ఎక్కడుందో చెప్పే యుద్ధ దినచర్యలు లండన్ శివారు క్యూలోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. అంతకు ముందు కాలపు పతకాల పట్టికలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి.

ఈ జాబితాల్లోని లోటు కూడా మీకు చెప్పాలి. బస్రా స్మారకం నలభై వేలకు పైగా సైనికులది. దాని మీద భారతీయ పటాలాల్లో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, సిపాయీలను పటాలం కింద ఒక సంఖ్యగా వేశారు. 2021లో ఆ సంస్థే ఒక నివేదిక వెలువరించి, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టులకు చెందినవారిలో కనీసం లక్షా పదహారు వేల మందిని పేరుతో స్మరించలేదని, లేదా అసలే స్మరించలేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని ఒప్పుకుంది. రాతి మీద పేరు దక్కని మనిషికి ఈ అంచు మీది పేరు ఒక్కటే మిగిలిన సందర్భాలు ఉంటాయి. పతకం కరిగించడమంటే ఏమిటో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇప్పటిదాకా చెప్పింది లండన్‌లో ఉన్నవాడు కూడా చెయ్యగలడు. ఇక్కడి నుంచి మన పని మొదలవుతుంది.

అంచు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ముక్క పేరు ఉంటుంది. ఇంటిపేరు ఉండదు. గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. అతను తరచు తమిళుడు కాబట్టి మన స్వామి సామి అయ్యాడు, దీర్ఘాలు ఎగిరిపోయాయి. ఉదాహరణకు అంచు మీద కోటయ్య అని ఉందనుకోండి. విదేశంలోని పరిశోధకుడికి అది ఒక భారతీయ పేరు, అంతకు మించి ఏమీ కాదు. మనకు అది కోటప్పకొండ. నరసరావుపేట చుట్టుపక్కల ఇంటికొక కోటయ్య, కోటేశ్వరరావు ఉంటారు కాబట్టి వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెడతాం. అప్పలసామి అని ఉంటే సింహాచలం అప్పన్న పేరు కనుక ఉత్తరాంధ్ర వైపు చూస్తాం. మస్తాన్ అని ఉంటే గుంటూరు మస్తాన్ దర్గా గుర్తుకొస్తుంది. అయితే ఆ పేరు ముస్లింలలోనే కాక హిందువుల్లోనూ మస్తానయ్య, మస్తానమ్మ అని ఉందని మనకు తెలుసు కాబట్టి మతం విషయంలో తొందరపడం. అంకయ్య, పోలయ్య అంటే ఏ గ్రామదేవత పేరో చెప్పనక్కర్లేదు. ఇది రుజువు కాదు, దిక్కు మాత్రమే. కానీ దిక్కు తెలియకుండా ఎవరూ నడవలేరు.

ఊరి పేరు దొరికినా జిల్లా పేరు తికమక పెడుతుంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం కృష్ణా జిల్లాలో ఉండేది. ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలో ఉండి, 1904లో గుంటూరుకు వచ్చి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తర్వాత ప్రకాశం అని పేరు పెట్టుకున్న జిల్లాలోకి వెళ్లింది. చీరాలకు ఈ డెబ్బై ఎనభై ఏళ్లలో గుంటూరు, ప్రకాశం, ఇప్పుడు బాపట్ల అని మూడు జిల్లాలు. 2022 తర్వాత నరసరావుపేట పల్నాడు జిల్లాలో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. పాత కాగితంలో బెజవాడ, కిస్ట్నా జిల్లా అని ఉన్న మనిషిని ఈనాటి జిల్లాల పటంలో వెతికితే దొరకడు. తాలూకా పేరు పట్టుకోవాలి, దాని కింద ఊరు, ఊరి పక్క ఊరు. ఒకే పేరున్న ఊళ్లు జిల్లాకు నాలుగుంటాయి కాబట్టి పక్క ఊరు కూడా ముఖ్యమే.

ఊరు చేరాక ఎవరిని అడగాలి? సర్పంచిని అడగండి, కానీ అక్కడే ఆగవద్దు. పల్లెల నుంచి సైన్యంలోకి వెళ్లినవారిలో ఎక్కువమంది మాలపల్లె, మాదిగపల్లెల నుంచి, పేద ముస్లిం ఇళ్ల నుంచి, క్రైస్తవ కుటుంబాల నుంచి వెళ్లారు. మద్రాసు శాపర్లూ పయనీర్లూ ఈ వర్గాల నుంచి మనుషులను చేర్చుకున్నారు. ఊరి పెద్దకు వాళ్ల పేర్లు తెలియకపోవచ్చు, ఆ పల్లెలోని ముసలమ్మకు తెలుస్తాయి. క్రైస్తవుడైతే చర్చి బాప్తిస్మపు పుస్తకం ఉంటుంది. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లోనే మొదలైంది, కృష్ణా వైపు మచిలీపట్నం, మన దక్షిణాన ఒంగోలు మిషన్లూ పాతవే. ఆ పుస్తకాల్లో తండ్రి పేరు, పల్లె పేరు, బాప్తిస్మానికి ముందు పేరు కూడా దొరికిన సందర్భాలు నేను చూశాను. సిపాయి పేరు పటాలంలో యేసుదాసు అయి, ఊళ్లో మాత్రం పాత పేరుతోనే పిలవబడుతున్నప్పుడు రెండిటినీ కలిపేది ఆ ఒక్క పుటే.

భూమి కాగితాలు ఇంకో దారి. మాజీ సైనికుల కోటా కింద బంజరు భూమి పట్టాగా వచ్చిన కుటుంబాలున్నాయి. ఊరి అడంగల్లో, పట్టా నకలులో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వితంతు పింఛను దస్త్రంలో మనిషి ఆచూకీ తగులుతుంది. ఈ కాగితాలు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. పట్టా గురించి అడిగిన కొత్త మనిషిని చూసి భూమి కోసం వచ్చాడని కుటుంబం భయపడుతుంది. ముందు పతకం చూపించండి, తర్వాత కాగితం అడగండి.

రేపల్లె వైపు ఒక పల్లెలో నేను చూసిన ఇంటి సంగతి చెబుతాను. వాళ్ల ఇంట్లో పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున్న కంచు బిళ్ల ఒకటి గోడకు ఉంది. ఏటా సంక్రాంతి పెద్దల పండుగకు దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. మా తాతగారి అన్నగారిదండీ, ఆయన బాసర వెళ్లి తిరిగి రాలేదు, అక్కడే సన్యాసం తీసుకున్నారని మా నాయనమ్మ చెప్పేది, అన్నారు. అది మొదటి యుద్ధంలో మరణించిన ప్రతివారి కుటుంబానికీ ప్రభుత్వం ఇచ్చిన స్మారక ఫలకం. ఒక స్త్రీమూర్తి దండ పట్టుకుని ఉంటుంది, ముందు సింహం, చుట్టూ స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం మరణించాడని ఇంగ్లీషు మాటలు ఉంటాయి. కుడిపక్క చిన్న దీర్ఘచతురస్రంలో ఉబ్బెత్తు అక్షరాల్లో మనిషి పేరు ఉంటుంది. సిపాయికీ కర్నలుకూ తేడా ఉండకూడదని హోదా వెయ్యలేదు. ఆ దీర్ఘచతురస్రంలో ఏళ్ల తరబడి పసుపు గట్టిపడి, అక్షరాల మధ్య సందులు పూడిపోయి ఉన్నాయి. ఆ ఇంటి కోడలు గోరువెచ్చని నీళ్లతో, పాత పళ్ల బ్రష్షుతో తానే నెమ్మదిగా కడిగింది. ఒక్కొక్క అక్షరమే తేలింది. ఆ పేరును, వాళ్ల ఊరిని, తండ్రి పేరును జాబితాతో సరిపోల్చాం. ఆయన వెళ్లింది గోదావరి ఒడ్డున ఉన్న బాసరకు కాదు, ఇరాక్‌లోని బస్రాకు. వంద ఏళ్లుగా ఇల్లు వదిలి సన్యాసులలో కలిసిన మనిషిగా ఆ ఇంట్లో ఆయన మీద కొంచెం నిష్ఠూరం ఉండేది. ఆ రోజు ఇంటి పెద్ద, అయితే ఆయన మమ్మల్ని వదిలిపోలేదన్నమాట, అని అక్కడున్న అందరి వైపూ చూసి మళ్లీ మళ్లీ అన్నాడు. ఫలకం వాళ్ల గోడకే ఉంది. అమ్ముతారా అని నేను అడగలేదు, మీరూ అడగకూడదని నా అభిప్రాయం.

అందరిళ్లలోనూ ఇలా సాఫీగా జరగదు. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న జపాను వశమైనప్పుడు నలభై వేలకు పైగా భారతీయ సైనికులు బందీలయ్యారు. వాళ్లలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరలేదు, కొందరు చెరలోనే చనిపోయారు. ఇంట్లో చెప్పుకునే కథ ఒకటి, కాగితంలో ఉన్నది మరొకటి కావచ్చు. కాగితంలో ఉన్నది మీరు చెప్పక తప్పదు, అయితే దాన్ని ఎలా చెప్పాలో మీ మర్యాదను బట్టి ఉంటుంది. బతికి ఉన్న మనవల పేర్లు, ఫోన్లు, చిరునామాలు ఎక్కడా ప్రచురించకండి. పతకాన్ని కుటుంబానికి తిరిగి ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీది, కాదనేవారు లేరు. కనీసం అంచు ఫోటో, మీరు సేకరించిన వివరాల నకలు మాత్రం ఆ కుటుంబానికి చేరాలి. ఇవ్వదలచుకుంటే ఇంకా మంచిది, అలా ఇచ్చినవారు ఈ సభలోనే ఉన్నారు.

మోసాల గురించి ఒక మాట. మామూలు పతకం అంచును ఆకురాయితో అరగదీసి, పేరున్న పటాలం పేరు మళ్లీ చెక్కి అమ్మేవారున్నారు. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే 36 మిల్లీమీటర్లు ఉండవలసింది తగ్గి ఉంటుంది. అసలు అక్షరాలు అచ్చు వేసినట్టు ఒకే లోతులో ఉంటాయి, తర్వాత చెక్కినవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఈ పనిని నేను కేవలం వ్యాపార మోసంగా చూడలేను, ఒక మనిషి పేరు చెరిపేసిన పని అది. అలాంటిది కొన్నా, తెలిసీ తిరిగి అమ్మినా మనం అందులో భాగస్వాములమే అవుతాం.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం వంద ఏళ్లు నిండిన చారిత్రక వస్తువును దేశం దాటించకూడదు. మొదటి యుద్ధపు పతకాలు చాలావరకు ఆ వయసు దాటేశాయి. విదేశీ వేలంపాటలో మంచి ధర వస్తుందని పార్శిల్ చేసేముందు ఆలోచించండి. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం కూడా నేరమే. నాటకాల్లో, ప్రదర్శనల్లో వాడేటప్పుడు అది ప్రదర్శన అని స్పష్టంగా తెలిసేట్టు చూసుకోండి.

మీ దగ్గరున్న పతకాల్లో పేరున్నవాటిని ఈ రోజు తెచ్చినవారు భోజనాల తర్వాత కిటికీ పక్కనున్న బల్ల దగ్గరకు రండి. భూతద్దం, టార్చి, కాలిపర్స్, ట్రేసింగ్ కాగితం అక్కడ పెట్టాం. అంచు చదివి నంబరు, హోదా, పేరు, పటాలం ఒక పుస్తకంలో రాసుకుందాం. వస్తువు ఎవరిదో వారి దగ్గరే ఉంటుంది. ఇంట్లో వదిలి వచ్చినవారు అంచు ఫోటో నాలుగు వైపులా తీసి పంపండి. మీలో తాలూకాల, పల్లెల పేర్లు బాగా తెలిసిన పెద్దలు, పదవీ విరమణ చేసిన రెవెన్యూ ఉద్యోగులు, చర్చి పెద్దలు దయచేసి ఆ బల్ల దగ్గరే కూర్చోవాలని కోరుతున్నాను, పేర్లు చదవడం మొదలుపెట్టగానే మీ అవసరం పడుతుంది.